బర్మా కాందిశీకుల పునరావాసం

పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. అక్కడి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మేలో తెలుగు రేవు కార్మికులు సమ్మె చేస్తే వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక బర్మీయులను పంపేయడంతో రేగిన అల్లర్లలో తెలుగువారు పెద్దసంఖ్యలో చనిపోయారు. 1942లో జపాన్ సేనలు ముంచుకొచ్చినప్పుడు లక్షలాది భారతీయులు, ఎక్కువమంది కాలినడకన, అడవులూ కొండలూ దాటి వచ్చారు. దారిలోనే వేలమంది పోయారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేసి, పెద్దనోట్లు రద్దు చేయడంతో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు ఆ దేశం విడిచారు.

ఈసారి వచ్చినవారు నిలదొక్కుకున్నారు. సొంత మనుషుల మధ్యకు వచ్చారు కాబట్టి అది సహజమేనని కొందరి వాదన. ఆ వాదన 1942 దగ్గరే నిలవదు. అప్పుడు వచ్చినవారిదీ ఇదే భాష, ఇవే ఊళ్లు. అయినా యుద్ధం ముగియగానే చాలామంది మళ్లీ బర్మాకే వెళ్లారు, ఇక్కడ పని దొరకలేదు గనుక. బంధుత్వం కొన్నాళ్లు అన్నం పెడుతుంది, ఉపాధి చూపలేదు. 1964 తరువాత మారింది ప్రభుత్వ పద్ధతి. కాందిశీకుడన్న గుర్తింపు పత్రం, ఇంటి స్థలం, చిన్న వ్యాపారానికి అప్పు ఇచ్చారు. 1963 జూన్ 1 తరువాత బర్మా నుంచి వచ్చినవారికి కేంద్ర ఉద్యోగాల్లో వయోపరిమితి సడలించారు. విశాఖ కంచరపాలెం వైపు వెలసిన బర్మా క్యాంపు కూలి పని దొరికే ఓడరేవు నగరంలోనే ఉంది. పని ఉన్నచోట ఇల్లు ఉండటం చిన్న విషయం కాదు.

ఉచిత సాయం మనిషిని సోమరిని చేస్తుందనే ఆక్షేపణా ఉంది. దానికి జవాబు రెప్కో బ్యాంకు. బర్మా, శ్రీలంక కాందిశీకుల కోసం 1969లో మద్రాసులో పుట్టిన ఈ సహకార సంస్థలో ప్రభుత్వాలతో పాటు కాందిశీకులూ వాటాదారులే. ఇచ్చింది దానం కాదు, తీర్చవలసిన అప్పు. అందరికీ దారి అప్పే కాలేదు: భారత్, శ్రీలంక ప్రధానుల మధ్య 1964 అక్టోబరులో కుదిరిన సిరిమావో–శాస్త్రి ఒప్పందం ప్రకారం శ్రీలంక నుంచి రావలసిన 5,25,000 మంది భారత సంతతివారిలో కొందరిని ఆంధ్రలో నూలు మిల్లుల్లో చేర్చారు. అయితే మిల్లు మూతపడితే కుటుంబమే వీధిన పడుతుంది. చేతిలో సొంత వ్యాపారం ఉన్నవాడికి మరో దారి వెతుక్కునే వీలుంటుంది.

హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యాలు కూడా అదే బర్మా (నేటి మయన్మార్) నుంచి వచ్చినవారే. కోవా వంటి స్వచ్ఛంద సంస్థలు వారికి తోడ్పడ్డాయి. కానీ 1951 శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. 2017లో కేంద్రం వారిని అక్రమ వలసదారులుగా పేర్కొంది. ఆధార్ లేదు, బ్యాంకు అప్పు పుట్టదు. పనికి వెనుకాడనివాళ్లే చెత్త ఏరుకుని, దినకూలీ చేసుకుని బతుకుతున్నారు.