శరణార్థి కంఠం – సంగీతరూపం: సికింద్రాబాద్ సింధీల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నిర్వాసితుల మౌఖిక స్మృతులను ధ్వనిముద్రించి, ఆ ధ్వని నుంచే సంగీతాన్ని నిర్మించే ప్రయత్నాలు గత శతాబ్దిలో వెలువడ్డాయి. అటువంటి సంగీతం ఎవరి గాయాన్ని మాన్పుతుంది, చరిత్ర ఆధారాన్ని ఏం చేస్తుంది అనే ప్రశ్నలను ఈ వ్యాసం సికింద్రాబాద్ నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దేశవిభజన, సింధీలు, మౌఖిక చరిత్ర, ధ్వనిముద్రణ, సుర్ మారుయి, సికింద్రాబాద్.

ఉపోద్ఘాతం

సికింద్రాబాద్‌లో సింధీ కాలనీ పేరు వినని వారు అరుదు. ఆ పేరు వెనుక ఉన్న ప్రయాణాన్ని తెలుగు చరిత్రరచన అంతగా పట్టించుకోలేదు. 1947లో పంజాబ్, బెంగాల్ రెండుగా చీలాయి. సింధ్ మాత్రం చీలకుండా మొత్తంగా పాకిస్తాన్‌కు వెళ్ళింది. కాబట్టి భారతదేశంలో సింధీలకు తమదనే రాష్ట్రం మిగలలేదు. 1948 జనవరి 6న కరాచీలో చెలరేగిన అల్లర్ల తరువాత హిందూ సింధీల వలస ఉధృతమైంది. చాలామంది ఓడలలో బొంబాయికి, మరికొందరు రైళ్ళలో రాజస్థాన్ మీదుగా వచ్చి అనేక పట్టణాలకు చెదిరిపోయారు.

సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. ఆ ఊరి నుంచి వచ్చి ఈ హైదరాబాద్ పక్కన స్థిరపడిన వృద్ధురాలు 'మా హైదరాబాద్' అంటే, ఏ ఊరో తేల్చుకోవడానికి వినేవారు ఒక క్షణం ఆగవలసి వస్తుంది. రాతప్రతి తయారుచేసేవారు పక్కన 'సింధ్' అని చేర్చి ఆ సందిగ్ధతను తీర్చివేస్తారు. ధ్వనిముద్రణలో అది అలాగే నిలిచి ఉంటుంది. నా దృష్టిలో శరణార్థి స్మృతికి కంఠం ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మాట నుంచి స్వరానికి

1946లో అమెరికా మనోవైజ్ఞానికుడు డేవిడ్ బోడర్ తీగమీద ధ్వనిని ముద్రించే యంత్రాన్ని ఐరోపాకు తీసుకువెళ్ళి, యుద్ధంలో నిర్వాసితులైనవారి మాటలతోపాటు వారి పాటలనూ సేకరించాడు. ఫ్రాన్స్‌లోని ఒక శరణార్థి శిబిరంలో పాడిన పాటల తీగచుట్ట దాదాపు ఏడు దశాబ్దాలు మరుగున ఉండి, అక్రన్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. బోడర్ దగ్గర స్మృతి, పాట పక్కపక్కనే ఉన్నాయి. స్మృతినే పాటగా మార్చే పని ఆయన చేయలేదు.

ఆ పని చేసినవాడు స్టీవ్ రైక్. 1988లో క్రోనోస్ తంత్రీవాద్య చతుష్టయం కోసం ఆయన రచించిన 'డిఫరెంట్ ట్రెయిన్స్'లో నాజీ మారణకాండ నుంచి బయటపడినవారి ముద్రిత మాటలు వినిపిస్తాయి. పద్ధతి సరళమైనది. మనిషి మాటలో సహజంగా ఉండే ఆరోహణావరోహణలను స్వరలిపిలోకి ఎక్కిస్తారు. స్త్రీల మాటలను వయోలా, పురుషుల మాటలను చెల్లో అనుసరిస్తాయి. ఇక్కడ సంగీతం మాటకు నేపథ్యం కాదు, మాట నుంచే పుట్టినది. మన సినిమాలలో విషాద సన్నివేశం వెనుక వయొలిన్ మోగించే అలవాటుకు ఇది పూర్తిగా భిన్నం.

అయితే 2010లో సంగీతశాస్త్రవేత్త ఏమీ లిన్ వ్లోదార్స్కీ ఈ కృతిని మూల వాఙ్మూలాలతో పోల్చి పరిశీలించింది. ఏ ముక్కను కోయాలి, దేని పక్కన దేనిని పెట్టాలి అనే నిర్ణయాలన్నీ స్వరకర్తవే కాబట్టి దీనిని తటస్థమైన సాక్ష్యంగా భావించలేమని ఆమె వాదన. చరిత్ర విద్యార్థి మరువరాని అభ్యంతరమిది.

సింధీ సంప్రదాయంలోని సమాధానం

రైక్ పద్ధతిని ఉన్నదున్నట్లు దిగుమతి చేసుకోనక్కరలేదు. సింధీలకు తమ సొంత రూపం ఉంది. షా అబ్దుల్ లతీఫ్ భిటాయీ (1689–1752) 'రిసాలో'లో రచనలు సుర్‌లుగా విభజితమై ఉంటాయి. వాటిలో సుర్ మారుయి ఒకటి. ఉమర్ రాజు ఎత్తుకువచ్చి ఉమర్‌కోట్‌లో బంధించిన మారుయి, పట్టుబట్టలను కాదని పుట్టింటి ముతక కంబళినే కప్పుకొని మలీర్‌లోని తనవారి కోసం పరితపిస్తుంది. చెరలో ఉండి రాముడిని నిలదీసిన కంచర్ల గోపన్న కీర్తనలతో పెరిగిన తెలుగు పాఠకునికి ఈ స్వరం పరాయిదనిపించదు. ఒక భేదముంది: గోపన్న విడుదల కోరాడు, మారుయి కోరినది తిరుగు ప్రయాణం. విభజన శరణార్థికి ఆ తిరుగు ప్రయాణమే అసాధ్యమైంది.

మాన్పడం అన్న మాటకు నేనిచ్చే అర్థం ఇక్కడినుంచే వస్తుంది. ఫలానా రాగం ఫలానా వ్యాధిని తగ్గిస్తుందన్న ప్రచారంతో ఈ చర్చకు పనిలేదు. తిరిగి వెళ్ళలేని ఊరి కోసం నలుగురిలో దుఃఖించే హక్కును ఆ పాట ఇస్తుంది. ఆ హక్కుకు సింధీలు ఎంత విలువ ఇస్తారో 2005లో తేటతెల్లమైంది. జాతీయగీతంలోని 'సింధ్' పదాన్ని మార్చాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు తిరస్కరించింది. నేల లేని ప్రాంతం గీతంలో మిగిలింది.

మూడు నిర్వాసాలు, ఒకే ఏడాది

సికింద్రాబాద్‌కు వచ్చేసరికి సమస్య మరింత జటిలమవుతుంది. 1948 జనవరిలో హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత యూనియన్‌లో చేరలేదు. రజాకార్ల దాడులకు భయపడి తెలంగాణ గ్రామాలనుంచి జనం సరిహద్దు దాటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళారు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక జిల్లాలలోని ముస్లిం కుటుంబాలు ప్రాణభయంతో హైదరాబాద్ చేరాయి. ఆ హింసలో కనీసం 27,000 నుంచి 40,000 మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. మతహింసకు వెరచి సింధ్ వదిలినవారికి, అటువంటి హింసకే వెరచి పల్లెలు వదిలినవారికి ఈ జంటనగరాలే చివరికి ఆశ్రయమయ్యాయి. మతాలు వేరు, మూటాముల్లె ఒకటే.

మొదటి నిర్వాసానికి కారణమైన పాలన మీది ఆగ్రహం బండి యాదగిరి పాటగా ఊరూరా పాకి, 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంతుతో మరింత దూరం వెళ్ళింది. ఆ పోరాటంలోని స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన ధ్వనిముద్రించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువరించింది. పోరాట గీతాలలో వినిపించని నిరాశ, విరమణ తరువాత మిగిలిన ఒంటరితనం ఆ మాటలలో వినిపిస్తాయి. పాట వదిలివేసినదానిని ముద్రిత మాట దాచిందన్నమాట. మిగిలిన రెండు నిర్వాసాలకు తెలుగులో అంతటి సంకలనం నా ఎరుకలో లేదు.

కాబట్టి ఒక మనవరాలు సింధీ నానమ్మ మాటలను స్వరబద్ధం చేయదలిస్తే, కోయని పూర్తి ముద్రణ, తేదీ, స్థలం, మాట్లాడినవారి సమ్మతితో సహా కృతికి పక్కనే నిలవాలి. ఇది కేవలం గ్రంథాలయ నియమం కాదు. భారతదేశంలో పుట్టిన సింధీ తరాలలో చాలామందికి అరబీ లిపిలోని సింధీ చదవడం రాదు. 1967లో ఎనిమిదో షెడ్యూలులో చేరిన ఆ భాషకు ఇక్కడ దేవనాగరి లిపి కూడా వాడుకలో ఉంది. ఏ లిపి అన్న వివాదం పూర్తిగా తీరలేదు. ఆ మనవరాలికి నానమ్మ భాష చెవి ద్వారానే అందుతుంది. స్వరకర్త కత్తిరించిన చోట నానమ్మ తడబడిందా, మంచినీళ్ళు తాగిందా, ఒక పొరుగువారి పేరు చెప్పబోయి ఆగిందా అన్నది పూర్తి ముద్రణలో మాత్రమే తెలుస్తుంది. ఆ పొరుగువారు ముస్లింలై, తాళంచెవి తీసుకొని ఇల్లు చూసుకుంటామని మాట ఇచ్చినవారై ఉండవచ్చు.