ఆ మేఘం ఎవరి చేతిది?

1855లో బర్మా రాజు దగ్గరికి వెళ్లిన బ్రిటిష్ రాయబార బృందంలో ఒక ఫొటోగ్రాఫరూ ఉన్నాడు. పేరు లినేయస్ ట్రైప్, మద్రాసు సైన్యంలో అధికారి. తిరిగొచ్చాక బెంగళూరులో మకాం పెట్టి, 120 చిత్రాల చొప్పున 50 సెట్లు ప్రింట్లు తీయించాడు. మొత్తం 6000. మైనం పట్టించిన కాగితపు నెగటివును మందు పూసిన కాగితం మీద అదిమి, ఫ్రేములో బిగించి, బొమ్మ తేలేదాకా ఎండలో కాపు కాయాలి. వడియాలు పెట్టినంత పని. మబ్బు పడితే అంతే సంగతులు.

చిత్రమేమిటంటే, ట్రైప్ మబ్బుల్ని తానే తయారు చేసుకున్నాడు. నాటి రసాయనాలు నీలిరంగుకు అతిగా స్పందించేవి. అందుకే ఆకాశం వెలవెలబోయి, మచ్చలు పడేది. ఆయన కుంచెతో నెగటివు మీదే మేఘాలు దిద్దాడు. ప్రింటు ఒక్కటే చూసినవారికి అది వానాకాలపు ఆకాశం. నెగటివును వెలుతురుకు ఎత్తి చూసిన పరిశోధకుడికి రంగు పూత.

1858లో ఆయన మద్రాసు మ్యూజియంలో అమరావతి శిల్పాలను ఫొటోలు తీశాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి గుంటూరు సీమ నుంచి తరలించిన శిల్పాలవి. 'ఎలియట్ మార్బుల్స్' అన్న పేరే గానీ అది పాలరాయి కాదు, సున్నపురాయి. మరుసటి ఏడాది వాటిలో చాలా భాగం లండన్ ఓడెక్కింది. ఓడెక్కక ముందు అవి ఎలా ఉన్నాయో ట్రైప్ ఆల్బమ్ సాక్ష్యం చెబుతుంది. మద్రాసులో ఆయనకు సహాయకుడు అయ్యాస్వామి. ఆల్బమ్ మాత్రం దొరగారి పేరు మీదే ప్రసిద్ధం.

హైదరాబాద్‌కు వస్తే, పని ఎవరిది అన్న ఇదే చిక్కు ఇంకో రకంగా ఎదురవుతుంది. ఆరో నిజాం కొలువు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844-1905) స్టూడియోలో చాలామంది పనిచేసేవారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిస్తే, దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత. ఆ గదిలోకి దీన్‌దయాళ్ అడుగుపెట్టే ప్రశ్నే లేదు. కాబట్టి 'దీన్‌దయాళ్ ఫొటో' అన్నప్పుడు మనిషి పేరుగా కాక దుకాణం పేరుగా చదువుకోవడమే సబబు. ఆ స్టూడియో గాజు నెగటివులు 2857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. వాటి మీద వేసిన నంబర్లే పరిశోధకులకు దారి చూపిస్తాయి.

మైసూరువాడైన టి.ఎస్. సత్యన్ (1923-2009) దగ్గర ఈ గొడవ లేదు. 1948లో బెంగళూరులో పుట్టిన డెక్కన్ హెరాల్డ్‌తో పత్రికా ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. ఆయన రాజుల్ని వదిలేసి వీధిలోని పిల్లల వెంటపడ్డాడు. 1977లో పద్మశ్రీ అందుకున్నాడు.

ఆయన చిత్రాలు ఇప్పుడు బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ) సేకరణలో ఉన్నాయి. ఉక్కు పలకలు తొడిగి నీళ్ల ట్యాంకులా కనిపించే ఈ మ్యూజియం 2023 ఫిబ్రవరిలో తెరుచుకుంది. తొలి ప్రదర్శనల్లో ఒకటి బరోడా చిత్రకారుడు జ్యోతి భట్‌ది. దశాబ్దాల పాటు ఊళ్లు తిరిగి, ఆడవాళ్లు వేసిన ముగ్గుల్నీ గోడబొమ్మల్నీ ఆయన ఫొటోలు తీశాడు. బొమ్మ ఒకరిది, ఫొటో ఇంకొకరిది. ఆ గోడల్లో చాలావాటికి తర్వాతి పండక్కే సున్నం పడి ఉంటుంది.