కవిలెకట్ట విప్పిన కథ: లినక్స్ లోపలి సంగతులు ఫైళ్ళయిన వైనం



తెలుగు పండితుడికి కంప్యూటరు లోపలి గొడవలెందుకని మిత్రులు నవ్వవచ్చు. నేనుగా ఆ వైపు పోలేదు. ఒక బ్యాటరీ నన్ను అటు ఈడ్చుకుపోయింది. మా అబ్బాయి తాను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఒకటి నాకిచ్చాడు. అందులో ఉన్నది లినక్స్. మొన్నటి వేసవిలో అది వ్రాస్తూ వ్రాస్తూ ఉండగానే ఆగిపోవడం మొదలుపెట్టింది. కర్నూలులో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకుపోతే మూత తెరవకుండానే "బ్యాటరీ సచ్చిపోయింది సార్, కొత్తది ఎయ్యాల" అన్నారు. ధర విని, ఆలోచించి చెబుతానని కోడుమూరు బస్సెక్కాను. రాత్రి మావాడు ఫోనులో "వాళ్ళ మాట ఎందుకు నాయనా, బ్యాటరీ సంగతి అందులోనే ఒక ఫైల్లో ఉంటుంది, నువ్వే చదువుకో" అన్నాడు.

చదివాను. ఏమి చదివానో చివర చెబుతాను. అంతకన్నా ముందు నన్ను ఆశ్చర్యపరచినది ఆ ఫైలు అక్కడ ఉండడమే. యంత్రం తన లోగుట్టును తానే ఒక్క అంకెలో అడిగినవాడి ముందు పెట్టే ఏర్పాటు ఎలా పుట్టింది? ఆ చరిత్ర వెదుకుతూ పోతే నాకు మా ఊళ్ళ కరణాల కాలం గుర్తుకు వచ్చింది.

నా చిన్నతనంలో రైతుకు తన పొలం ఎవరి పేర ఉన్నదో, ఎంత శిస్తు కట్టాలో తెలియాలంటే కరణం ఇంటికి పోవలసిందే. లెక్కలు ఆయన ఇంట్లో కవిలెకట్టల్లో ఉండేవి. ఆయన తీరిక చూసుకొని కట్ట విప్పి చదివితే రైతు అరుగు కింద నిలబడి వినాలి. చదివినది కట్టలో ఉన్నదో లేదో తేల్చుకొనే దారి అక్షరం రాని రైతుకు లేదు. మంచి కరణాలు ఎందరో ఉన్నారు. కాని కరణం మంచివాడైతేనే రైతు బతుకు నిలుస్తుందనడం ఒక ఏర్పాటు అనిపించుకోదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో ఆ పదవులను రద్దు చేసింది. కంప్యూటరులో అడంగల్‌ను ఎవరికి వారే చూసుకొనే మీభూమి రావడానికి 2015 దాకా పట్టింది.

యాదృచ్ఛికమే కావచ్చు గాని, అదే 1984లో అమెరికాలో మరొక కవిలెకట్ట విప్పుకొన్నది.

కంప్యూటరు నడవడానికి మూలమైన భాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు గింజలోని పప్పు అని అర్థం. మా పల్లెల్లో బుడ్డలు ఒలిస్తే వచ్చే విత్తు వంటిదన్నమాట. జ్ఞాపకశక్తి, డిస్కు, తెర, బ్యాటరీ, అన్నీ దాని ఏలుబడిలో ఉంటాయి. మనం వాడే ప్రోగ్రాములన్నీ దాని బయట, వాడుకరి ప్రాంగణంలో ఉంటాయి. లోపలికి నేరుగా చొరబడే హక్కు వాటికి లేదు. ఆ కట్టడి మంచిదే. లేకుంటే ఒక చెడ్డ ప్రోగ్రాము మొత్తం యంత్రాన్నే కూల్చగలదు. కాని లోపల ఏమి జరుగుతున్నదో బయటివారికి తెలియవలసిన అవసరం కూడా ఉన్నది కదా!

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లో పరికరాలను సైతం ఫైళ్ళుగా చూపే పద్ధతి ఉండేది. అయినా నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే పి.ఎస్. అనే ఆదేశం మాత్రం కెర్నెల్ జ్ఞాపకశక్తిలోకి ప్రత్యేకాధికారంతో తొంగిచూచి, ఏ సంగతి ఏ స్థానంలో ఉన్నదో ముందే తెలుసుకొని, దానిని ఏరుకొని రావలసి వచ్చేది. కెర్నెల్ అమరిక మారితే ఆ ఆదేశాన్నీ తిరిగి తయారు చేయాలి. టామ్ కిలియన్ 1984లో ప్రకటించిన పత్రంలో దీనికి విరుగుడు చూపాడు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ప్రోక్ అనే సంచయంలో ఒక ఫైలుగా కనబడుతుంది. ఆ ఫైలు డిస్కుపై ఎక్కడా ఉండదు. చదవబోయినప్పుడు కెర్నెలే సమాధానం ఇస్తుంది. బెల్ ల్యాబ్స్ వారే తరువాత ప్లాన్ 9 అనే వ్యవస్థలో ఈ ఆలోచనను ఇంకా దూరం తీసుకుపోయారు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌లోకి ప్రోక్ 1992లోనే చేరింది. చేరి, కొన్నేళ్ళకు పాడుబడిన అటక అయింది. ప్రోగ్రాముల కోసం కట్టిన చోట ప్రాసెసరు వివరాలు, జ్ఞాపకశక్తి లెక్కలు, బ్యాటరీ వర్తమానాలు, ఎవరికి తోచినది వారు తెచ్చి పడవేశారు. ఒక్కొక్క ఫైలుది ఒక్కొక్క తీరు. ఒకటి పట్టికగా ఉంటే ఒకటి వాక్యంగా ఉండేది. మనిషి చదవడానికి బాగానే ఉన్నా, ప్రోగ్రాము చదవడానికి పదచ్ఛేదం తెలియని వాడు సంధి విడదీసినట్టే ఉండేది. 2.4 వరుస కెర్నెళ్ళలో జ్ఞాపకశక్తి ఫైలు పైభాగాన ఒక పట్టిక ఉండేది. 2.6 వచ్చేసరికి దానిని తీసివేశారు. ఆ పట్టికను నమ్ముకొన్న ప్రోగ్రాము ఏదైనా ఉంటే దాని గతి ఏమిటి?

చిక్కు తీరే దారి మరొక పని చేస్తుండగా దొరికింది. యంత్రాన్ని నిద్రపుచ్చాలంటే దాని పరికరాలను ఒక క్రమంలో ఆపాలి. పెద్ద తీగకు తగులుకొన్న చిన్న పరికరం ముందు, ఆ పెద్దది తరువాత. ఏది దేనికి తగులుకొన్నదో చెప్పే ఒక్క వంశవృక్షం లినక్స్‌లో అప్పటికి లేదు. ప్యాట్రిక్ మోచెల్ దానిని నిర్మించడానికి పూనుకొన్నాడు. కడుతున్న వృక్షం సరిగా ఉన్నదో లేదో చూసుకోవడానికి మొదట ప్రోక్‌లోనే చూపాడు. అక్కడ కాదు, దీనికి వేరే చోటు కట్టమని టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబట్టాడు. అలా తప్పులు వెదకడానికి పుట్టినది డి.డి.ఎఫ్.ఎస్. 2001 చివర 2.5.1 కెర్నెల్ కాలానికి దాని పేరు డ్రైవర్‌ఎఫ్‌ఎస్ అయింది. పరికరాలకే కాక తక్కిన విభాగాలకూ పనికివస్తుందని తేలినప్పుడు సిస్‌ఎఫ్‌ఎస్ అయింది. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో లోకమంతటా చేరింది.

దాని నిర్మాణం తర్కశాస్త్రం చదివిన వారికి వెంటనే పట్టుబడుతుంది. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ద్రవ్యమున్నది, గుణమున్నది. గుణం ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉంటుంది. ఇక్కడా అంతే. ఇలా బయటికి చూపే ప్రతి కెర్నెల్ వస్తువుకూ కోబ్జెక్ట్ అని పేరు, దానికి బయట ఒక సంచయం. ఆ వస్తువు గుణం ఒక్కొక్కటీ ఆ సంచయంలో ఒక ఫైలు. ఒక వస్తువుకు మరొకదానితో గల సంబంధాన్ని ఒక లంకె ఫైలు చూపుతుంది. ఫైలును చదివితే షో అనే ప్రక్రియ నడిచి విలువ చెబుతుంది. వ్రాయడానికి అనుమతి ఉండి వ్రాస్తే స్టోర్ అనే ప్రక్రియ నడిచి ఆ విలువను లోపల మారుస్తుంది. అవసరమైనప్పుడు కెర్నెల్‌కు తగిలించి, అక్కర తీరాక ఊడదీసే భాగాలను మాడ్యూళ్ళంటారు. వాటికీ ఇక్కడ సంచయాలున్నాయి, వాటి గుణాలకూ ఫైళ్ళున్నాయి.

అన్నిటికంటె గొప్పది నాకు అందులోని నియమం. ఒక ఫైలుకు ఒకే విలువ, అదీ సాదా అక్షరాల్లో. ఒకే జాతి విలువల వరుసకు మాత్రం మినహాయింపు ఉన్నది. అలంకారాలు, పట్టికలు, పలు వరుసలు పనికిరావు. అలా చేసినవాడు నలుగురిలో నవ్వులపాలవుతాడనీ, వాడు వ్రాసినది చెప్పకుండానే తిరగరాస్తారనీ సంబంధిత పత్రంలోనే హెచ్చరిక ఉన్నది. ఇంత కరకుగా మాట్లాడే వ్యాకరణ సూత్రం నేను చూడలేదు. ఫైలు నిడివికీ హద్దున్నది, ఒక పేజీ. చాలా యంత్రాల్లో అది 4096 బైట్లు. ఒక్కో తెలుగు సంకేతానికి యూనికోడ్ యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో 3 బైట్లు చొప్పున చూసుకొంటే 1365 సంకేతాలు. ఒక్క సంఖ్య చెప్పడానికి అది పదివేలు.

తెరవడంతోనే పని ముగియలేదు. ఎవరో ఒక ఫైలును చదువుతుండగానే దాని వెనుక మాడ్యూలును ఊడదీస్తే ఏమవుతుంది? లేని వస్తువును చదివి యంత్రం కూలవచ్చు. 2007లో టెజున్ హియో ఈ చిక్కును సవరించాడు. మొదలైన చదువు ముగిసేదాకా తొలగింపు ఆగుతుంది. ఆ తరువాత చదవబోయిన వాడికి పరికరం లేదనే సమాధానం వస్తుంది. 2014లో ఈ యంత్రాంగాన్నే కెర్న్‌ఎఫ్‌ఎస్ అనే పేరుతో విడదీసి ఇతర అవసరాలకూ అందించారు.

మరొకటి మాట నిలబెట్టుకోవడం. ఒకసారి బయటికి చూపిన ఫైలును నమ్ముకొని ఎక్కడెక్కడో ప్రోగ్రాములు పుడతాయి. తరువాత పేరు మారిస్తే అవన్నీ చెడిపోతాయి. కాబట్టి 2006లో ఏ ఫైలు స్థిరమైనదో, ఏది పరీక్షలో ఉన్నదో, ఏది కాలం చెల్లుతున్నదో, ఏది తొలగిపోయినదో నాలుగు విభాగాలుగా వ్రాసి ఉంచడం మొదలుపెట్టారు. చూపడమంటే రేపు కూడా చూపుతానని ఒప్పుకోవడమే.

అంతా తెరవడమే మేలా అంటే కాదు. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నవో చెప్పే ఫైలును లినక్స్‌లో ఎవరైనా చదవగలిగేవారు. 2020 నవంబరులో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ తోటివారితో కలిసి, ఆ అంకెల హెచ్చుతగ్గులనుబట్టి యంత్రంలోని రహస్య సంకేతాలను సైతం ఊహించవచ్చునని నిరూపించారు. దానికి ప్లాటిపస్ అని పేరు పెట్టారు. ఆ తరువాత ఆ ఫైలును సర్వాధికారికి మాత్రమే పరిమితం చేశారు. ఊరి లెక్క అందరూ చూడవలసినదే. ఎవరి పెట్టె తాళం ఎక్కడున్నదో అందరూ చూడవలసినది కాదు. ఆ గీత ఎక్కడ గీయాలో ఒక్కొక్క ఫైలు దగ్గర నిలబడి ఆలోచించవలసిందే.

ఇక నా బ్యాటరీ. వెనుకటి రోజుల్లో దాని వివరాలు ప్రోక్‌లోనే పలు వరుసల పాఠంగా ఉండేవి. 2007లో విద్యుత్ సరఫరాకు సిస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రత్యేక విభాగం వచ్చింది. ఏ కంపెనీ బ్యాటరీ అయినా పేర్లకూ కొలతలకూ ఒక ఒరవడి ఉన్నది. నా సంచయంలో, తయారీనాటి సామర్థ్యం చెప్పే ఫైలులో 4400000 అని ఉన్నది. ఇప్పుడు పూర్తిగా నిండితే పట్టేది 3476000. ఇవి మైక్రో ఆంపియర్ గంటలు. మాథ్స్ మాస్టారి అవసరం లేకుండానే లెక్క వేసుకొన్నాను. నూటికి 79 వంతులు. చచ్చిపోయిన బ్యాటరీ కాదది, నా వంటి వయసు మళ్ళిన బ్యాటరీ.

మరి ఆగిపోవడమెందుకు? పక్క సంచయంలో ఛార్జరు ఉన్నదా లేదా చెప్పే ఫైలున్నది. ఉంటే 1, లేకుంటే 0. తీగను తిన్నగా ఉంచి చదివాను, 1. కొంచెం వంచి చదివాను, 0. మళ్ళీ సవరించాను, 1. నేను నిండుతున్నదనుకొని కూర్చున్న వేళల్లో బ్యాటరీ అడుగంటుతున్నదన్నమాట. జబ్బు తీగది. మరునాడు ఊళ్ళోనే కొత్త ఛార్జరు కొన్నాను. ఆ యంత్రం మీదనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

తరువాత మావాడి సాయంతో నాలుగు వరుసల చిన్న ప్రోగ్రాము వ్రాసుకొన్నాను. అది ఆ ఫైళ్ళు చదివి తెర మీద "బ్యాటరీ సత్తువ", "ఛార్జరు తగిలింది", "ఛార్జరు ఊడింది" అని తెలుగులో చూపుతుంది. ఇది ఎలా వీలయింది? కెర్నెల్ నాకు ఇంగ్లీషు వాక్యం ఇచ్చి ఉంటే దానిని విడగొట్టి అనువదించుకొనే తిప్పలు పడాలి. ఉత్త అంకె ఇచ్చి ఊరుకొన్నది కాబట్టి దానికి ఏ భాష తొడగాలన్నది నా ఇష్టానికే వదిలినట్లయింది. ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషువే అయినా లోపలి అంకె ఎవరి సొత్తూ కాదు.

ఆ దుకాణంవారు మోసం చేశారని నేననను. వారూ అలవాటు మీద అన్న మాటే కావచ్చు. కాని ఆ రోజు నా చేతిలో ఆ ఫైలు లేకుంటే వారి మాటే నాకు ప్రమాణమయ్యేది, అరుగు కింద నిలబడ్డ రైతుకు కరణం చదువు ప్రమాణమైనట్టు. ఎక్కడో కూర్చొని, నన్నెన్నడూ చూడని వారు, ఒక్కో సంగతికి ఒక్కో ఫైలు చొప్పున ఓపికగా తెరిచి పెట్టడం వల్ల ఒక తెలుగు మాస్టారు తన యంత్రాన్ని తాను చదువుకోగలిగాడు.

మీ ఇంట్లో లినక్స్ యంత్రం ఉంటే ఆ సంచయం ఒకసారి తెరిచి చూడండి. చదివితే ఏమీ చెడదు. వ్రాసేటప్పుడు మాత్రం తెలిసినవారిని అడిగి వ్రాయండి. సాంకేతికమైన పొరపాట్లు దొర్లి ఉంటే తెలిసిన పెద్దలు సవరించవలసిందిగా ప్రార్థన.

స్వస్తి.