వంశంలో పిచ్చి: ఆస్తి, చట్టం, శాస్త్రం



కొన్నేళ్ల క్రితం పులివెందులలో ఒక ఆదివారం సంపర్క తరగతి ముగిశాక ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చింది. "సార్, మా పెద్దనాయనకు మతి చలించింది. ఆ సంగతి తెలిసి అక్కకు కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. మా రక్తంలోనే అది ఉందంటున్నారు. నిజమేనా?" అని అడిగింది. చరిత్ర పంతులును అడగవలసిన ప్రశ్న కాదేమోనని సంకోచించింది కూడా. నా దృష్టిలో అది చరిత్ర ప్రశ్నే. ఒక మనిషి జబ్బు వంశం మొత్తానికి మచ్చగా ఎలా మారింది? దానివల్ల ఎవరికి లాభం కలిగింది? వీటికి ఆధారాలు దొరుకుతాయి.

మొదట ఒక నవల సంగతి. మీలో కొందరు షార్లెట్ బ్రాంటీ 1847లో ప్రచురించిన 'జేన్ ఐర్' కథ విని ఉంటారు. పెద్ద బంగళా పై అంతస్తులో ఒక భార్యను బంధించి ఉంచుతారు. ఆమెది తరతరాల పిచ్చి అని భర్త చెబుతాడు. పాత భవనం, దాచిన రహస్యం, చెడిన రక్తం – ఇవి గోథిక్ నవలల సామగ్రి. 1966లో జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' అనే నవలలో అదే కథకు ముందు జరిగినదాన్ని ఆ భార్య వైపు నుంచి రాసింది. అప్పుడు పాఠకులకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. ఆమె తెచ్చిన సొమ్మంతా భర్త చేతికి చేరింది. ఆమె పిచ్చిదని లోకానికి చెప్పినవాడూ అతడే.

ఈ రెండో నవల వేసిన ప్రశ్ననే మన ప్రాంతానికి వేసి చూద్దాం. 24 ఎకరాల ఉమ్మడి భూమి ఉన్న నలుగురు అన్నదమ్ములను ఊహించుకోండి. ఒక్కొక్కరి పాలు 6 ఎకరాలు. వారిలో పెళ్లికాని ఒకడు మతిలేనివాడని తేలి, పాలుకు అనర్హుడైతే మిగిలిన ముగ్గురికి తలా 8 ఎకరాలు. వాన నమ్మకం లేని సీమలో రెండెకరాలంటే చిన్న విషయం కాదు.

ఈ అనర్హత బ్రిటిష్ వారు తెచ్చింది కాదు. మనుస్మృతి పుట్టుగుడ్డివారితో, చెవిటివారితో పాటు ఉన్మత్తుడిని కూడా పాలు లేనివారి జాబితాలో చేర్చింది. కాని చాలామంది గమనించని రెండు సంగతులున్నాయి. అలాంటివాడిని బతికినంతకాలం పోషించడం పాలు పంచుకున్నవారి విధి. అతని కొడుకుకు ఆ దోషం లేకపోతే కొడుకుకు పాలు వస్తుంది. అంటే శాస్త్రకారులు మనిషిని పక్కన పెట్టారు గాని అతని సంతతిని పెట్టలేదు. పిల్లనిచ్చే కుటుంబాల విషయంలో మనువు కొన్ని రోగాలున్న వంశాలను వద్దన్న మాట నిజమే. అందులో క్షయ, కుష్ఠు, అపస్మారం ఉన్నాయి. ఉన్మాదం మాత్రం లేదు.

కంపెనీ పాలన చివరి ఏడాది, 1858లో, పిచ్చివారి గురించి వరుసగా చట్టాలు వచ్చాయి. ఒకటి ఆస్తి గురించి, మరొకటి ఆశ్రమాల గురించి. ఆస్తి ఉన్న మనిషికి మతి స్థిమితం లేదని బంధువులు జిల్లా కోర్టులో అర్జీ పెట్టవచ్చు. కోర్టు విచారించి ఆస్తి చూసేందుకు ఒకరిని నియమిస్తుంది. తర్వాత వచ్చిన 1912 లూనసీ చట్టంలో నాకు ఎంతో ఆసక్తి కలిగించే నిబంధన ఒకటుంది. రోగి ఆస్తికి వారసుడయ్యేవాడిని ఆ రోగికే సంరక్షకుడిగా నియమించరాదు. రోగికి మేలని కోర్టు భావిస్తే తప్ప. ఆ ఒక్క వాక్యం చాలు, దాయాదుల మీద చట్టానికి ఎంత అనుమానమో తెలియడానికి.

ఆస్తి లేనివారి దారి వేరు. వారిని చాలాసార్లు పోలీసులే తెచ్చేవారు. మన జిల్లావాసికి మద్రాసు కీల్పాక్‌లో 1871లో ప్రారంభమైన ఆశ్రమమే దిక్కు. ఆ కాలపు ఆశ్రమాల వార్షిక నివేదికల్లో 'పిచ్చికి కారణం' అనే గడి ఉండేది. గంజాయి, జ్వరం, దుఃఖం, వంశపారంపర్యం అంటూ నింపేవారు. తెచ్చినవాడు చెప్పిందే చాలావరకు ఆ గడిలోకి ఎక్కేది. అలాంటి పట్టికను చూసినప్పుడు అంకెలను కాదు, ఆ సమాచారం ఇచ్చినవాడిని ముందు అనుమానించండి.

అదే కాలంలో ఐరోపాలో వంశపు పిచ్చి శాస్త్రవేత్తలకు వ్యామోహమైంది. ఫ్రెంచి వైద్యుడు మొరెల్ 1857లో 'క్షీణత' సిద్ధాంతం ప్రచురించాడు: దోషం తరం తరానికి ముదిరి చివరకు వంశమే నశిస్తుందట. ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో 'యూజెనిక్స్' అనే పేరు పెట్టాడు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు బలవంతపు వంధ్యీకరణను సమర్థించింది. 1933 జులైలో నాజీ ప్రభుత్వం చేసిన చట్టం కింద దాదాపు 4 లక్షల మందికి సంతానం కలగకుండా శస్త్రచికిత్సలు చేశారు. గోథిక్ నవలలోని పిచ్చి శాస్త్రజ్ఞుడికి ప్రయోగశాల ఒక గదే. వీరికి దేశమంతా ప్రయోగశాల అయింది.

మన చట్టాలు విచిత్రంగా రెండు దిక్కులకు నడిచాయి. ఆస్తి విషయంలో తలుపులు తెరుచుకున్నాయి. 1928 చట్టం పుట్టుకతోనే మతిలేనివారికి తప్ప మిగతావారికి పాలు ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఆ మినహాయింపునూ తీసేసింది. పెళ్లి విషయంలో మాత్రం 1955 హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, పెళ్లికే కాక పిల్లల్ని కనడానికి కూడా తగనంతటి మానసిక రుగ్మత అనే మాటను చేర్చింది. మూర్ఛను కూడా అందులో కలిపారు. 1999లో దాన్ని తొలగించారు. పొలం పాలులో లేని అడ్డు పెళ్లిపీటల దగ్గర నిలిచింది.

జె.బి.ఎస్. హాల్డేన్ పేరు కూడా ఇక్కడ చెప్పాలి. యూజెనిక్స్ వాదాలను 1938లోనే గట్టిగా విమర్శించిన ఈ జన్యుశాస్త్రవేత్త 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎంత విరివిగా జరుగుతున్నాయో, వాటి ఫలితాలేమిటో పరిశీలించి 1963లో ప్రచురించారు. వంశాన్ని నిందించకుండా లెక్కగట్టడం ఎలాగో అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. హంటింగ్టన్ వ్యాధి వంటి కొన్నింటిలో తల్లికో తండ్రికో జబ్బు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. స్కిజోఫ్రీనియా అలాంటిది కాదు. సాధారణ జనంలో సుమారు నూటికి ఒకరికి వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో నూటికి పదిమంది దరిదాపుల్లో. ఒకే జన్యువులు గల కవలల్లో ఒకరికి ఉన్నా, రెండోవారికి రాని సందర్భాలే సగానికి పైగా. పెద్దనాయనకు ఉన్నందువల్ల అక్కకు పెరిగే అవకాశం ఇంకా తక్కువ. ఆమెతో నేను ఇదే చెప్పాను. "మరి పెద్దనాయన పాలు ఎవరు సాగు చేస్తున్నారమ్మా?" అని కూడా అడిగాను. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు.

కృత్యం: మీ కుటుంబంలోనో, తెలిసినవారి ఇంట్లోనో ఒక పాత భాగపరిష్కార దస్తావేజును వారి అనుమతితో చదవండి. పాలు రాని అన్నదమ్ములు ఎవరైనా ఉన్నారా, వారి పోషణ గురించి ఏమైనా రాశారా, సాక్షి సంతకాలు ఎవరివి అన్నది ఒక పుటలో రాయండి. పేర్లు రాయవద్దు, వరసలు రాస్తే చాలు.