ముత్తవ్వ మాట - మునిగిన ఓడ

చరిత్రకు ఆధారములేవి యని ప్రశ్నించినచో శాసనములు, నాణెములు, దస్తావేజులు, యాత్రికుల వ్రాతలు అని సాధారణముగా సమాధానము వచ్చును. అట్లయినచో, తరతరములుగా తమ గాథలను నోటి మాటతోనే నిలుపుకొన్న జాతికి చరిత్ర లేదనవలెనా? కెనడా దేశపు ఉత్తరసీమలో, సంవత్సరమున అధికభాగము సముద్రము గడ్డకట్టియుండు చోట, ఒక చరిత్రకారుడు తన జీవితమంతయు ధారపోసి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పెను. ఆయన పేరు లూయీ కముకాక్. మనము చిరకాలము ఎస్కిమోలని పిలుచుచు వచ్చిన ఇనుయిట్ జాతివాడు. ఇనుయిట్ అనగా వారి భాషలో మనుష్యులని అర్థము.

కముకాక్ కృషిని గ్రహించుటకు ముందుగా ఒక విషాదగాథను తెలిసికొనవలెను. 1845 మే నెలలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ అను ఆంగ్ల నౌకాధిపతి ఎరిబస్, టెర్రర్ అను రెండు ఓడలతో ఇంగ్లండు విడిచెను. అమెరికా ఖండమునకు ఉత్తరముగా పసిఫిక్ మహాసముద్రమునకు జలమార్గము కనుగొనుట ఆయన లక్ష్యము. 129 మంది ఆ హిమసముద్రమున ప్రవేశించిరి. ఒక్కరును తిరిగి రాలేదు. 1859లో కింగ్ విలియం ద్వీపమున రాళ్లకుప్పలో ఒక కాగితము దొరికెను. 1846 సెప్టెంబరులో ఓడలు మంచులో చిక్కుకొనెననియు, 1847 జూన్ 11న ఫ్రాంక్లిన్ మరణించెననియు, 1848 ఏప్రిల్‌లో మిగిలిన 105 మంది ఓడలను విడిచి దక్షిణముగా నడువ నిశ్చయించిరనియు దానివలన తెలిసెను. ఆ పిమ్మటి కథ కాగితములకు ఎక్కలేదు. దానిని కన్నులార చూచినవారు ఇనుయిట్ ప్రజలు.

వారు చూచినది దాచలేదు. 1854లో హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగియగు డాక్టరు జాన్ రే వారి మాటలను శ్రద్ధగా విని వ్రాసికొనెను. తెల్లవారు ఆకలితో నడచుచు కూలిరనియు, తుదకు మృతుల మాంసమును తినవలసి వచ్చెననియు వారు చెప్పిరి. ఫ్రాంక్లిన్ బృందమువారి వెండి చెంచాలను కూడ రేకు అమ్మిరి. ఈ వార్త లండను చేరగానే పెద్ద దుమారము చెలరేగెను. మహారచయిత చార్లెస్ డికెన్స్ తన పత్రికలో ఇనుయిట్ ప్రజల మాట నమ్మదగినది కాదనియు, వారే నావికులను చంపియుండవచ్చుననియు వాదించెను. అనేక తరములు ఆ జాతి మోసిన నింద అది.

కముకాక్ 1959లో జన్మించి, కింగ్ విలియం ద్వీపమునందలి జో హేవెన్ గ్రామమున జీవించెను. ఆయన బాలుడుగా నున్నప్పుడు ముత్తవ్వ హమ్మహుక్ ఒక ముచ్చట చెప్పెను. తన చిన్నతనమున తండ్రితో ద్వీపపు ఉత్తరతీరమునకు పోగా, అచట చెంచాలు, కత్తులు మున్నగు వింత వస్తువులును, మనిషి పొడవు గల ఒక మట్టిదిబ్బయు కనబడినవట. తరువాత బడిలో ఫ్రాంక్లిన్ కథ విన్నప్పుడు, ముత్తవ్వ చూచిన వస్తువులు ఎవరివో ఆ బాలునకు స్ఫురించెను. ఆ దినమునుండి ఆయన అన్వేషణ ఆగలేదు.

మూడు దశాబ్దములకు పైగా ఆయన వృద్ధులకడ కూర్చుండి వారి మాటలు సేకరించెను. ఈ పని వినుటకు సులభముగా తోచును గాని, అందు చిక్కులు పెక్కు కలవు. ఆ సీమకు ఫ్రాంక్లిన్ ఒక్కడే రాలేదు. అతనికి ముందు 1829లో జాన్ రాస్ వచ్చెను. అతనికి తరువాత 1903లో అముండ్సెన్ వచ్చి జో హేవెన్‌లోనే రెండు శీతకాలములు గడపెను. ఒక వృద్ధుడు "తెల్లవారి ఓడ" అన్నప్పుడు అది ఎవరి ఓడ? చెప్పినవాడు స్వయముగా చూచినదా, తాత చెప్పగా విన్నదా? కముకాక్ ఒకరి మాటను మరియొకరి మాటతోను, రెంటిని నావికుల దినచర్యలతోను సరిపోల్చెను. ప్రాచీన స్థలనామములను గూడ శ్రద్ధతో పోగుచేసెను. పటములయందు ఆంగ్లేయుల పేర్లే యుండగా, వృద్ధుల గాథలలో ఇనుయిట్ పేర్లే యుండెను. ఉగ్జులిక్ అనగా గడ్డపు సీలు జంతువులు దొరకు చోటు. అది ఎచటనో తెలియనిచో, ఉగ్జులిక్ వద్ద ఒక ఓడ మునిగెనను సాక్ష్యము నిరర్థకమగును.

2014 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ పరిశోధకులు ఎరిబస్ ఓడను కనుగొనిరి. వృద్ధులు చెప్పిన ఆ దక్షిణప్రాంతముననే, పదకొండు మీటర్ల లోతున అది పడియుండెను. 2016లో టెర్రర్ ఓడయు దొరికెను. దాని జాడ తెలిపినవాడు, మంచునుండి పైకి పొడుచుకొని వచ్చిన కొయ్యను చూచిన జో హేవెన్ వేటగాడు. డికెన్స్ కొట్టివేసిన మాటకును శాస్త్రము సాక్ష్యమిచ్చెను. నావికుల ఎముకలపై కత్తిగాట్లు కలవని 1997లో ప్రకటితమయ్యెను. 2024లో అట్టి గాట్లుగల ఒక దవడ ఎముక ఎరిబస్ కెప్టెను జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్‌దేనని వంశలక్షణ పరీక్షవలన తేలెను.

ఈ తుది నిరూపణమును చూచుటకు కముకాక్ జీవించియుండలేదు. 2018 మార్చిలో, 58వ యేట, ఆయన మరణించెను. దేశము ఆయనను ఆర్డర్ ఆఫ్ కెనడా పురస్కారముతో గౌరవించెను. ఆయన జీవితాంతము వెదకిన ఫ్రాంక్లిన్ సమాధి మాత్రము చిక్కలేదు. ముత్తవ్వ చూచిన మట్టిదిబ్బ అదియే కావచ్చునని ఆయన ఆశ.

సమాధి దొరకకపోయినను ఆయన సాధించినది స్వల్పము కాదు. వృద్ధులు ఒక్కొక్కరుగా కన్నుమూయుచుండగా, సమయము మించకమునుపే పోయి ఆయన అడిగెను. అడుగకున్నచో ఆ పేర్లును, ఆ సాక్ష్యమును వారితోనే అంతరించియుండెడివి. అబద్ధీకులన్న నింద మాత్రము గ్రంథములలో నిలిచియుండెడిది. ప్రపంచమున ఏ మూలనైనను చరిత్ర వ్రాయబూనువారు, వ్రాసినవాని మాటను పరీక్షించినంత శ్రద్ధతోనే చూచినవాని మాటను గూడ పరీక్షింపవలెనని కముకాక్ జీవితము తెలుపుచున్నది.