మోటుపల్లి అభయశాసనము

వరదలో కొట్టుకొనివచ్చిన టేకుదుంగ ఎవరిదని పల్లెలలో తగవు పడుట పెద్దలకు క్రొత్త గాదు. ఒడ్డునకు లాగినవానిదా, ఆ ఒడ్డు గల ఆసామిదా, ఎగువ దానిని పోగొట్టుకొన్నవానిదా? సముద్రతీరమున ఈ ప్రశ్న మఱింత కఠినముగ నుండెను. అచ్చట అలలు త్రోసివేయునది దుంగ గాదు, ఒక వర్తకుని యావదాస్తి. ఒక్కొక్కమాఱు ఆ వర్తకుడును కొనయూపిరితో ఆ యిసుకమీదనే పడియుండును. పూర్వపురాజులు తడుముకొనక తీర్పు చెప్పిరి: తీరము మాది, కావున సొత్తును మాదే.

ధర్పల్లివారమగు మనకు ఓడరేవు కథ యేల యని మీరడుగవచ్చును. మనకు సముద్రము దూరమన్నమాట నిజము. ఓరుగంటినుండి తెలుగునేల నేలిన కాకతీయులకును అది దూరమే. గణపతిదేవుడు (1199–1262) తీరదేశమును జయించిన పిదప ఆ రాజ్యమునకు కడలివాకిలి తెఱచుకొన్నది. ఆ వాకిళ్లలో మిక్కిలి పేరొందినది మోటుపల్లి. అది నేటి బాపట్ల జిల్లాలో చినగంజాము చెంత నున్నది.

అచ్చటి వీరభద్రాలయమున రాతిస్తంభముపై శకవర్షము 1166న, అనగా క్రీస్తుశకము 1244–45న, గణపతిదేవుడు ఒక శాసనము చెక్కించెను. ఖండాంతరములకు, ద్వీపములకు, పరదేశములకు రాకపోకలు చేయు ఓడవర్తకులందఱికి అది అభయపత్రము. దానిని చదువునపుడు నన్ను నిలిపివేసినది రాజు బిరుదావళి గాదు, పూర్వపురాజుల నడవడిని ఆయన దాచక చెప్పిన తీరు. గాలివాన తాకిడికి పగిలి ఒడ్డున పడిన ఓడలనుండి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును వారు బలాత్కారముగ లాగుకొనుచుండిరనియు, తాను మాత్రము దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నాననియు అందు చెప్పెను. ధనము ప్రాణముకంటెను ప్రియమని యెంచి కడలికెదురేగిన వర్తకుల సాహసము ఆయన మనస్సును తాకినట్లున్నది.

ఆ సుంకమెంత? ఎగుమతికిని దిగుమతికిని ముప్పదింట ఒకటి. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడము, మిరియము, పోక మున్నగువానికి వేర్వేరుగ రేట్లు నిర్ణయించి ఆ రాతిపైననే చెక్కించిరి. ఇది చిన్నవిషయము గాదు. సంతకు సరకు తోలుకొనిపోవువాడు ఇయ్యవలసినదెంతో ముందే యెఱిగినచో ధైర్యముగ బండి కట్టును. సుంకరి నోటికి వచ్చినంత అడుగునేని మఱుసటి వారము ఇల్లు కదలడు. ఇందు దయ యెంత, లెక్క యెంత యని శంకించువారుందురు. రెండును కలవనియే నా తలంపు. పగిలిన ఓడ ఒక్కసారి మాత్రమే దొరకును; పగులని ఓడ ఏటేట వచ్చును.

ఈ శాసనమును పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పండ్రెండవ సంపుటమున ప్రకటించినవాడు జర్మనుదేశీయుడగు హుల్ష్ పండితుడు. ఆయన దేశమునందును తీరప్రభువులు పగిలిన ఓడల సొత్తును హక్కుగ కాజేయుచుండిరి. ఆ పీడ తొలగించుకొనుటకు అచ్చటి వర్తకనగరములు ప్రభువులవద్ద పత్రములు వ్రాయించుకొనవలసివచ్చెను. ఎల్బానదిపై, కడలికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న హాంబర్గు రేవు వానిలో నొకటి. తమ ఓడలు సముద్రమువఱకు సుంకము లేక పోవచ్చునని 1189లో ఫ్రెడరిక్కు చక్రవర్తి పత్రమిచ్చెనని చెప్పుకొని, ఆ నగరవాసులు ఏటేట మే నెలలో రేవుకు పుట్టినరోజు జరుపుదురు. నేడున్న ఆ పత్రము మాత్రము 1265 ప్రాంతమున చక్రవర్తి పేర కల్పించి వ్రాసినదని చరిత్రకారులు తేల్చిరి. మన మోటుపల్లి మాట రాతిమీదిది; దానికి అట్టి చిక్కు లేదు. పుట్టినరోజు జరుపువారే లేరు!

అభయము ఫలించినదా? ఆ శతాబ్దాంతమున వెనీసునగరపు మార్కోపోలో ఈ రాజ్యమును ‘ముత్ఫిలి’ యని రేవుపేరనే పిలిచెను. అచ్చట నేలుచున్న రాణిని, వజ్రములను, మిక్కిలి సన్నని వస్త్రములను మెచ్చుకొనెను. ఆ రాణి మన రుద్రమదేవి యని చరిత్రకారుల నిర్ణయము.

1323లో ఓరుగల్లు పడెను. రాజ్యముతోడనే రాజు మాటయు పోవుట లోకములో తఱచు. కాని 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో మరల శాసనము వేయించెను. వచ్చి కాపురముండు వర్తకులకు భూములిత్తుననెను. పుత్రులు లేక మరణించినవారి సొత్తుపై పన్ను తీసివేసెను. మఱొకచోటికి పోదలచినవారిని అడ్డగింపక పంపుదుమనెను. అప్పటికి గణపతిదేవుడు అభయమిచ్చి నూటపదేండ్లు దాటినవి.