సగం ఉల్లిపాయ

పోయిన వారం ఆఫీసులో ఒక బగ్ వెనకాల మూడు రోజులు తిరిగాను. లాగ్‌లో ఎర్రర్ లైన్లు తప్ప ఇంకేవీ చూడలేదు. తీరా చూస్తే, నేను చెత్త అనుకుని వడకట్టేసిన లైన్లలోనే ఉంది సంగతంతా. అప్పుడు గుర్తొచ్చాడు డేవిడ్ లోవెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త.

భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున మాగ్మా గడ్డకట్టేటప్పుడు అందులోని నీరు బయటపడుతుంది. ఆ వేడినీరు క్లోరిన్, గంధకంతో పాటు రాగిని కూడా మోసుకొస్తుంది. ఒత్తిడికి రాయి సన్నగా పగుళ్ళిస్తుంది, నీరు చల్లారేకొద్దీ ఆ పగుళ్ళలో రాగి ఖనిజం పేరుకుంటుంది. ఇవే పోర్ఫిరీ నిక్షేపాలు. రాగి నూటికి ఒక పాలు కూడా ఉండదు చాలాచోట్ల. కానీ కొండలకి కొండలే ఉంటాయి మరి!

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని శాన్ మాన్యువల్ అలాంటిదే. అక్కడి రాళ్ళ మీద ష్వార్ట్జ్ రాసిన నివేదికని ప్రభుత్వమే 1953లో అచ్చేసింది. ఎవరైనా చదువుకోవచ్చు. గనివాళ్ళు రాగి ఉన్న రాయిని చూసుకున్నారు. లోవెల్ దాని చుట్టూ ఉన్న పనికిరాని రాయిని కూడా చూశాడు. వేడినీటికి ఆ రాయి పొరలుపొరలుగా మారిపోయింది. నడిమధ్యన పొటాషియం ఎక్కువున్న రాయి, దాని చుట్టూ సెరిసైట్, పైరైట్, అన్నిటికీ బయట ఆకుపచ్చ క్లోరైట్. మొదటి రెండు పొరల సరిహద్దులో రాగి. అచ్చం ఉల్లిపాయే. కాకపోతే ఈ ఉల్లిపాయ పక్కకి ఒరిగి, సగానికి తెగి ఉంది!

మరి రెండో సగం ఏదీ? భూమి పొరలు ఏ పగులు వెంబడి ఎటు జారాయో లెక్కేసి, 1965లో క్వింటానా అనే కంపెనీ తరఫున పక్క స్థలంలో డ్రిల్లింగ్ చేయించాడు. వందల మీటర్ల రాయి కింద దొరికింది. దాని పేరు కాలమజూ. శాన్ మాన్యువల్ యజమానులు తమ గనికే చెందిన రెండో ముక్కని 1968లో డబ్బు పోసి కొనుక్కోవాల్సి వచ్చింది.

1970లో లోవెల్, గిల్బర్ట్ ఇద్దరూ మరో 27 నిక్షేపాలతో పోల్చి ఈ పొరల నమూనాని ప్రచురించారు. 1981లో చిలీలో ఎస్కొండిడాని కనుక్కున్నది కూడా లోవెల్ నడిపిన బృందమే. శాన్ మాన్యువల్ గని మాత్రం రాగి ధర పడిపోయి 1999లో మూతబడింది. పొరల నమూనాని ఇవాళ్టికీ వాడుతున్నారు.

ఆ యజమానులు తెలివితక్కువవాళ్ళని నేననుకోను. వాళ్ళు వెతికింది రాగి కోసం, రాగే కనబడింది. నేను చేసిందీ అదే కదా. అందుకే లాగ్‌కి పెట్టుకున్న ఆ ఫిల్టర్ తీసేశాను.